ఆ మోత ఆగదా మామయ్యా?

మా మేనకోడలు స్కాట్లండులోని గ్లాస్గోలో చదువుకుంటోంది. ఆగస్టులో వస్తున్నాను, బ్యాగ్‌పైపులు వినడానికి వస్తున్నాను అని ఫోన్‌లో చెప్తే కాసేపు అటునుంచి మాట లేదు. తర్వాత, "మామయ్యా, దానికోసం టికెట్టు కొనుక్కుని రావాలా? నా కిటికీ తెరిచి ఫోన్ అక్కడ పెడతాను, పొద్దుగూకేదాకా విను" అంది.

ఆమె గది బుకానన్ స్ట్రీట్‌కి దగ్గర. ఎప్పుడూ జనంతో కిటకిటలాడే వీధి అది. రోజుకొక పైపరైనా అక్కడ నిలబడతాడు. నేను దిగిన సాయంత్రమే సూట్‌కేసు గదిలో పడేసి ఆమెను అక్కడికి లాక్కెళ్లాను. గళ్ల కిల్టు, ఎర్రటి గడ్డం, ముందు తెరిచిపెట్టిన పెట్టెలో చిల్లర. రెండు గజాల దూరంలో నిలబడ్డాం. వీధి చివర నుంచి వింటే ముందు పాట వినిపిస్తుంది. ఇంత దగ్గరికొస్తే ముందు తగిలేది వెనకాల ఆగకుండా నడిచే శ్రుతి. చెవికంటే ముందు ఛాతీకి తెలుస్తుంది.

"ఆయన ఊపిరి తీసుకోడా?" అంది.

"తీసుకుంటున్నాడు. మోచెయ్యి చూడు."

ఎడమ చంకలో తిత్తి. నోటితో ఊదుతున్నంతసేపూ మోచెయ్యి వదులుగా ఉంది. పెదాలు గొట్టాన్ని వదిలి గాలి పీల్చుకోగానే మోచెయ్యి లోపలికి బిగుసుకుంది. ఊదే గొట్టంలో చిన్న కవాటం ఉంటుంది కాబట్టి తిత్తిలోని గాలి వెనక్కి రాదు. నోరూ మోచెయ్యీ ఇలా వంతులేసుకుని పనిచేస్తున్నా తిత్తిలో ఒత్తిడి మాత్రం ఒక్కలాగే ఉండాలి. కాస్త తగ్గితే శ్రుతి జారుతుంది, పెరిగితే పాట కీచుమంటుంది. ఆ గడ్డం ఆయన మోచెయ్యి ఎక్కడా తొట్రుపడలేదు.

"సరే, ఊపిరి సంగతి తెలిసింది. మరి పాట మధ్యలో ఒక్క సెకనైనా ఆగదా? పొద్దున్నుంచీ అదే. ఆ మోత ఆగదా మామయ్యా?"

ఆగదు అన్నాను. ఎందుకు ఆగదు అంటే సగం సమాధానమే చెప్పగలిగాను.

మర్నాడు మెక్‌ఫేటర్ స్ట్రీట్‌లోని నేషనల్ పైపింగ్ సెంటర్‌కి వెళ్లాను. ఒకప్పుడు చర్చి అది. 1996లో పైపుల బడిగా, మ్యూజియంగా మారింది. మెట్లెక్కుతుంటేనే ఏ గదిలోంచో సన్నగా, చిన్నపిల్లల బూరలాంటి గొంతు వినిపించింది. దాన్ని ప్రాక్టీస్ చాంటర్ అంటారు. తిత్తీ శ్రుతి గొట్టాలూ లేని ఉత్త పాట గొట్టం. నేర్చుకునేవాళ్లు నెలల తరబడి దానిమీదే వేళ్లు తిప్పాలి, తిత్తి తర్వాత.

నాకు వాద్యం చూపించిన మాస్టారు సరదా మనిషి. పెట్టె తెరిచి ముక్కలన్నీ బల్లమీద పరిచాడు. నల్లగా నిగనిగలాడే ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్ గొట్టాలు. భుజమ్మీద నిలబడే మూడు గొట్టాలు డ్రోన్లు. (ఈ రోజుల్లో డ్రోన్ అనగానే జనం ఆకాశం వైపు చూస్తారు. అందుకే శ్రుతి గొట్టం అంటున్నాను.) రెండు చిన్నవి మధ్య స్థాయి, ఒక్క పొడుగుది ఇంకో స్థాయి కింద. వాటిలో ఒంటి పొర రీడు, అంటే గాలికి అదిరి పలికే పలచని పట్టీ. పాట పలికే చాంటర్‌లో నాదస్వరానికి ఉన్నట్టు రెండు పొరల రీడు. చాంటర్ లోపలి రంధ్రం పైన సన్నం, కిందకి వెడల్పు. నాదస్వరంలా ఊరంతా వినబడే గొంతు రావడానికి ఆ రెండూ కారణమే.

"ఎన్ని స్వరాలు?" అని అడిగాను.

"తొమ్మిది. అంతే. అటొకటి ఇటొకటి కూడా లేదు."

ఆయన వరసగా వాయించాడు. షడ్జమానికి కింద ఒక నిషాదం, అక్కణ్ణుంచి పై షడ్జమం దాకా ఎనిమిది. పై నిషాదం కూడా దిగిన నిషాదమే, కైశికి. నాకు నవ్వొచ్చింది. స్కాట్లండు వాళ్ల పెళ్లిళ్లూ చావులూ యుద్ధాలూ అన్నీ మన హరికాంభోజి స్వరాలకు దగ్గరగానే నడిచాయన్నమాట. హరికాంభోజి అన్న మాట ఆయనకి రాసి ఇచ్చాను. నాలుగుసార్లు పలకబోయి వదిలేశాడు. వాళ్లు కాగితం మీద 'ఎ' అని రాసుకునే స్వరం నిజానికి బి ఫ్లాట్, అంటే 'ఎ'కి అర మెట్టు పైది, దానికంటే కూడా కాస్త పైనే పలుకుతుందని ఆయన చెప్పాడు.

తర్వాత నా వంతు. పది నిమిషాల్లో తేలిపోయింది. తిత్తి నింపడానికే కళ్లు బైర్లు కమ్మాయి. చేత్తో ఒక్క చరుపు చరిస్తే శ్రుతి గొట్టాలు మేలుకుంటాయి, అదీ పద్ధతి. నేను చరిచాను. మూడు గొట్టాలూ మూడు రకాలుగా మూలిగి, ఒకటి చచ్చి, చాంటర్ గొంతు పిసికిన బాతులా అరిచింది. పక్కగది పిల్లలు తలుపు సందులోంచి చూశారు. మాస్టారు మాత్రం, "మొదటిసారికి ఇది బాగానే ఉన్నట్టు" అన్నాడు. రోజూ చెప్పే మాటే అయ్యుంటుంది.

మేనకోడలి ప్రశ్న ఆయన ముందు పెట్టాను. ఆయన చాంటర్ తిప్పి, అడుగున ఉన్న బెజ్జం చూపించాడు. అది తెరిచే ఉంటుంది. వేళ్లన్నీ మూసినా ఆ అడుగు బెజ్జంలోంచి కింది నిషాదం పలుకుతూనే ఉంటుంది. గాలి ఉన్నంతసేపూ ఏదో ఒక స్వరం పలకాల్సిందే. సద్దు తగ్గించడానికీ లేదు, పెంచడానికీ లేదు. మరి ఒకే స్వరం రెండుసార్లు రావాలంటే ఎలా? సా సా అని విడిగా పలకాలంటే మధ్యలో కాస్త ఖాళీ ఉండాలి కదా. ఆ ఖాళీ లేదు కాబట్టి మధ్యలో ఇంకో వేలు చిటుక్కున లేపి దించుతారు. రెప్పపాటు కూడా ఉండని ఆ స్వరం కత్తిలా దిగి రెండు 'సా'లనీ విడగొడుతుంది. గ్రేస్ నోట్ అంటారు. ఒకటి, రెండు, నాలుగు కలిపి గుత్తులు గుత్తులుగా వేస్తారు. చిటికెన వేలు రెండుసార్లు గీరినట్టు కదిలితే బర్ల్. ఇంకా గ్రిప్, తార్లువా, క్రన్లువా. మనం గమకం వేసేది స్వరానికి ప్రాణం పోయడానికి. వీళ్లు ఆపలేని వాద్యాన్ని ఆపినట్టు నమ్మించడానికి మొదలుపెట్టి, చివరికి దాన్నే అందం చేసుకున్నారు.

పైపర్లు పెద్ద సంగీతం అనేది పీబ్రాక్‌ని. ఊర్లర్ అని ముందు ఒక మూల వరస వస్తుంది. స్కాట్లండు పాత భాష గేలిక్‌లో ఆ మాటకి నేల అని అర్థం. తర్వాత దానిమీద ఒక్కో అల్లిక పెంచుకుంటూ పోయి, ఆఖర్న మళ్లీ ఆ నేలకే వస్తారు. పదిహేను నిమిషాలు పట్టొచ్చు. మొదటి ఐదు నిమిషాలూ నాకు విసుగనిపించిందని ఒప్పుకుంటాను. ఆ తర్వాత శ్రుతి మీదికి ఒక్కో స్వరం వాలడం వినడం మొదలుపెట్టాక టైం చూసుకోలేదు. స్కై దీవిలో మెక్‌లౌడ్ ప్రభువుల ఆస్థాన పైపర్లు మెక్‌క్రిమన్ వంశం వాళ్లు తరతరాలుగా నేర్పింది ఈ సంగీతమే. కాగితం లేకుండా నోటితో నేర్పేవారు. హీ, హో, హిన్ లాంటి అక్షరాలతో పాటంతా పాడేస్తారు. మాస్టారు కళ్లు మూసుకుని ఒక వరస పాడితే మృదంగం గురువు శిష్యుడికి జతులు చెప్తున్నట్టే ఉంది.

అక్కడే జేమ్స్ రీడ్ అనే పైపర్ సంగతి విన్నాను. 1746లో, పదవి పోయిన స్టూవర్ట్ రాజవంశాన్ని మళ్లీ గద్దెకెక్కించాలని లేచిన జాకోబైట్ తిరుగుబాటు ఓడిపోయాక ఆయన్ని యార్క్‌లో విచారించారు. నేను కత్తి పట్టలేదు, పైపే ఊదాను అన్నాడు. హైలాండ్ దళం పైపర్ లేకుండా కదలదు కాబట్టి పైపు కూడా ఆయుధమే అంది కోర్టు. ఉరి తీశారు. బుకానన్ స్ట్రీట్‌లో రెండు గజాల దూరంలో నిలబడ్డవాళ్లకి ఆ కోర్టు వాదన మరీ వింతగా అనిపించదు. చెవి దగ్గర పెడితే అది 100 డెసిబెల్స్ దాటుతుంది.

ఆగస్టు వారం కావడంతో నగరంలో పైపింగ్ లైవ్ ఉత్సవం నడుస్తోంది. స్కాట్లండు పైపు ఒక్కటే పైపు అనుకునేవాళ్లని అక్కడికి ఒక్క పూట తీసుకెళ్తే చాలు. ఫ్రాన్స్ పడమటి కొసన ఉన్న బ్రిటనీ నుంచి ఒక జంట వచ్చింది. ఒకరి చేతిలో బిన్యూ. బుజ్జి తిత్తి, ఒక్కటే శ్రుతి గొట్టం, జానెడు చాంటర్, ఆకాశంలో పలికే గొంతు. రెండో మనిషిది బొంబార్డ్, మన సన్నాయి వంశం. దాన్ని ఊదేవాడికి వరసకొకసారి ఊపిరి కావాలి. ఆయన ఊపిరి తీసుకుంటున్నప్పుడు బిన్యూ ఆ వరసని అందుకుని పాడుతుంది. అంటే తిత్తి ఉన్నవాడు తిత్తి లేనివాడికి ఆసరా. స్పెయిన్‌లోని గలీసియా పైపు, గైతా కూడా విన్నాను. కుచ్చులు వేలాడే మఖమల్ తొడుగు, భుజమ్మీద బారెడు శ్రుతి గొట్టం. గొంతు స్కాట్లండు దానికంటే మెత్తన, నవ్వుతూ మాట్లాడినట్టుంటుంది. ఇటలీ జంపోన్యాకి పాట గొట్టాలే రెండు, చేతికొకటి. బల్గేరియా రొడోపి కొండల కబా గైడా గొంతు బొంగురు. ఆ గొంతు ఇప్పుడు భూమ్మీదే కాదు, బయట కూడా ఉంది. 1977లో వాయేజర్ నౌకల్లో పెట్టి పంపిన బంగారు రికార్డులో వల్యా బల్కాన్‌స్కా పాట వెనక వినిపించేది కబా గైడాలే.

ఇన్ని చూస్తుంటే మన తిత్తి గుర్తుకు రాకుండా ఉంటుందా? మేకతోలు తిత్తి, ఊదడానికో గొట్టం, పలకడానికో గొట్టం. వీధి భాగవతాల్లో వెనక నిలబడి ఊదేవారు. అందులో పాటే ఉండదు, శ్రుతి ఒక్కటే. ఈ కుటుంబంలో మౌనవ్రతం పట్టినవాడు అనుకున్నాను. కానీ శ్రుతి కూడా ఆగదు కదా.

శనివారం గ్లాస్గో గ్రీన్‌లో ప్రపంచ పైపు బ్యాండ్ పోటీలు. మేనకోడలు గొడుగు పట్టుకుని సణుగుతూ వచ్చింది. వాన వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. నిజం చెప్పాలంటే పోటీకంటే పోటీకి ముందు చెట్ల కింద జరిగే తంతే నాకు నచ్చింది. పైపర్లంతా వలయంగా నిలబడితే, నాయకుడు చేతిలో శ్రుతి చూపే చిన్న మిషను పట్టుకుని ఒక్కొక్కరి భుజం దగ్గరికి వెళ్లి, గొట్టం జాయింటు వెంట్రుకవాసి పైకో కిందకో జరుపుతాడు. ఇరవై మంది అరవై శ్రుతి గొట్టాలు ఒక్కటి కావాలి. వాన తడికి రీడ్లు మారతాయి, మళ్లీ మొదలు. అంతా కలిసిన క్షణం మాత్రం ఇరవై వాద్యాలు మాయమై ఒక్కటే పెద్దది మిగులుతుంది. మరీ దగ్గర నిలబడ్డ పాపానికి నా కుడిచెవి రాత్రిదాకా గుయ్యిమంది.

బరిలోకి వచ్చాక న్యాయనిర్ణేతలు కాగితాలు పట్టుకుని వలయం బయట తిరుగుతూ వింటారు. డ్రమ్ముల రోల్ రెండుసార్లు. ఆ కాస్త వ్యవధిలోనే తిత్తులు నిండాలి, అన్ని గొట్టాలూ ఒకేసారి మేలుకోవాలి. పాట ఎంత బాగున్నా ఆఖర్న కత్తిరించినట్టు అందరూ ఒక్కసారి ఆపాలి. ఎవరి తిత్తిలోనైనా మిగిలిన గాలి ఒక్క మూలుగు మూలిగిందా, అందరి కష్టమూ పోతుంది. ఒక బ్యాండు నిజంగానే అలా కత్తిరించినట్టు ఆపింది. మైదానం ఒక్క క్షణం ఖాళీ అయిపోయింది, ఆ తర్వాతే చప్పట్లు.

"ఆగింది చూశావా" అన్నాను.

"అయిపోయింది మామయ్యా. అయిపోవడం వేరు, ఆగడం వేరు" అంది. లా చదివే పిల్లతో వాదన పెట్టుకోకూడదు.

రెండు రోజుల తర్వాత ఎడిన్‌బరో మీదుగా రైల్లో సరిహద్దు దాటి ఇంగ్లండులోని మోర్పెత్‌లో దిగాను. వాన్స్‌బెక్ నది ఒడ్డున చిన్న ఊరు. వంతెన పక్కనే 13వ శతాబ్దపు రాతి కట్టడం, చాంట్రీ. దాని మేడ మీద బ్యాగ్‌పైపుల మ్యూజియం. విలియం కాక్స్ అనే గడియారాల పనివాడు జీవితమంతా పోగేసిన పైపులు ఇక్కడికి చేరాయి. గడియారాల మనిషికి ఇవి ఎందుకు నచ్చాయో అద్దాల్లో చూడగానే అర్థమైంది. ఆ ప్రాంతపు చిన్న పైపు నార్తంబ్రియన్ స్మాల్‌పైప్, స్కాట్లండు పైపు ముందు ఏనుగు పక్కన నిలబడ్డ కుందేలులా ఉంటుంది. దంతం పట్టీలు, వేలిగోరంత ఇత్తడి మీటలు. 19వ శతాబ్దం మొదట్లో న్యూకాసిల్ ప్రాంతపు పనివాళ్లు జాన్ డన్, రాబర్ట్ రీడ్ ఈ మీటలు అమర్చి స్వరాల సంఖ్య పెంచారు. ఉత్త చాంటర్‌కి ఒక్క స్థాయే. మీటలు ఏడు నుంచి పదిహేడు దాకా ఉన్నవి ఉన్నాయి.

మేడ మీద ఒక పెద్దాయన కుర్చీలో కూర్చుని వాయిస్తున్నాడు. అవును, కూర్చుని. నోటిలో ఏ గొట్టమూ లేదు, నాతో మాట్లాడుతూనే వాయిస్తున్నాడు. ఎడమ చంకలో తిత్తి, కుడి మోచేతికి పట్టీతో కట్టిన ఇంకో తిత్తి. రెండోది అచ్చం కొలిమి తిత్తే. కుడి మోచెయ్యి దాన్ని విప్పుతూ మూస్తూ గాలి పంపుతుంటే ఎడమది దాచుకుంటోంది. నోటి తడి తగలదు కాబట్టి లోపలి రీడ్లు చాలాకాలం మన్నుతాయట, శ్రుతి కూడా ఒకపట్టాన చెడదట. సద్దు ఎంతంటే, కిటికీ బయట నది చప్పుడు కూడా వినిపించేంత. చాంటర్ లోపలి రంధ్రం పైనుంచి కిందదాకా ఒకే సన్నం, అందుకే గొంతు అంత చిన్నది.

ఆయన వేళ్లు చూస్తూ కూర్చున్నాను. కదులుతున్నట్టే లేవు. ఒక్కసారికి ఒక్క వేలే లేస్తోంది, అది దిగాకే ఇంకోటి. ఎండకి పెసరకాయలు చిట్లుతున్నట్టు స్వరాలు ఒక్కొక్కటీ విడివిడిగా పడుతున్నాయి. నేను అడగకముందే చాంటర్ అడుగు తిప్పి చూపించాడు. బెజ్జం లేదు. మూసేసి ఉంది. వేళ్లన్నీ దించితే గాలికి పోయే దారి ఉండదు, పాట ఆగుతుంది.

ఆపి చూపించమన్నాను. ఒక వరస వాయించి, వేళ్లు దించేశాడు. పాట ఆగింది. కింద శ్రుతి మాత్రం సన్నగా నడుస్తూనే ఉంది. కచేరీలో గాయకుడు రాగం మధ్య ఊపిరి తీసుకున్నప్పుడు తంబురా మిగిలినట్టు. మళ్లీ పాట మొదలైంది. మళ్లీ ఆగింది. మళ్లీ అడిగాను. మూడోసారి అడిగేసరికి నా రైలు వెళ్లిపోయింది. అక్కడ ఆగే రైళ్లే తక్కువ. స్టేషన్లో చలిలో రెండు గంటలు కూర్చున్నాను, తప్పు నాదే.

డబ్లిన్‌లో హెన్రియెట్టా స్ట్రీట్, 15వ నంబరు ఇల్లు. నా పీబరీ ఇల్లియన్ అనే ఐరిష్ పైపర్ల సంఘం అక్కడ ఉంటుంది, 1968లో పెట్టారు. ఐరిష్‌లో మోచేతిని ఇలిన్ అంటారు, ఆ మోచేతి పైపులే ఇల్లియన్ పైపులు. 2017లో యునెస్కో జాబితాలోకి ఎక్కిన కళ ఇది. పైపర్ కావాలంటే 21 ఏళ్లు అని అక్కడ ఒక సామెత: ఏడేళ్లు నేర్చుకోవడం, ఏడేళ్లు సాధన, ఏడేళ్లు వాయించడం. వాద్యాన్ని చూశాక అది గొప్పకి చెప్పే మాటలా అనిపించలేదు.

ఇదీ కూర్చుని వాయించేదే, కొలిమి తిత్తితోనే. కానీ ఒళ్లో ఒక చిన్న కార్ఖానా. చాంటర్‌కి రెండు పూర్తి స్థాయిలు. తిత్తి మీద ఒత్తిడి పెంచితే అదే వేళ్లకి పై స్థాయి దూకుతుంది. మూడు శ్రుతి గొట్టాలు భుజమ్మీద కాకుండా తొడమీద అడ్డంగా పడుకుంటాయి. వాటి పక్కనే రెగ్యులేటర్లు అని ఇంకో మూడు గొట్టాలు, వాటినిండా ఇత్తడి మీటలు. వేళ్లు పాటలో ఉండగానే కుడి మణికట్టు అంచుతో ఆ మీటలు నొక్కితే హార్మోనియం మెట్లు రెండు మూడు కలిపి నొక్కినట్టు పలుకుతాయి. రెండు చేతులు, రెండు మోచేతులు, ఒక మణికట్టు, ఒక మోకాలు, అన్నీ పనిలో ఉంటాయి. ఖాళీగా ఉన్నది నోరొక్కటే. అందుకేనేమో పైపర్లు అంత బాగా కబుర్లు చెప్తారు.

మోకాలు ఎందుకంటే, చాంటర్ అడుగు తెరిచే ఉంటుంది. కుడి తొడమీద తోలుముక్క వేసుకుని, చాంటర్ కొసని దానికి అదిమి పెడితే అడుగు మూసుకుపోతుంది. ఎత్తితే గొంతు విచ్చుకుంటుంది. అదే స్వరం మోకాలి మీద ఒకలా, గాల్లో ఒకలా. స్కాట్లండు పైపుకి అసాధ్యమైన హెచ్చుతగ్గులు దీనికి ఆ కాస్త మోకాలితో వచ్చేశాయి.

నాకు వినిపించినావిడ నలభై దాటిన మనిషి. ముందు గబగబా ఒక రీల్, అంటే చిందులేయించే పాట, వాయించి నవ్వింది. తర్వాత ఒక నెమ్మది పాట అంది. మొదలుపెట్టేముందు శ్రుతి గొట్టాల మొదట్లో ఉన్న మీట నొక్కింది. శ్రుతి ఆగిపోయింది. అప్పటిదాకా దాన్ని కూడా ఆపొచ్చని నాకు తట్టలేదు. ఉత్త చాంటర్ ఒక్కటే, గోడల మధ్య ఒంటరిగా. రెండో వరస చివర పై స్థాయిలో ఒక స్వరం పట్టుకుని, దాన్ని వంచి, కిందికి తెచ్చి, వేళ్లన్నీ మూసి మోకాలికి అదిమింది. ఏమీ లేదు. పాటా లేదు, శ్రుతీ లేదు. ఆమె మోచెయ్యి మాత్రం తిత్తిని అలాగే పట్టుకుని ఉంది, గాలి లోపలే ఉంది. మూడు సెకన్లు ఉంటుందేమో. బయట వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టారు. అప్పుడు చాంటర్ ఎత్తింది.

ఆమెని అడిగే ఫోన్‌లో రికార్డు చేసుకున్నాను. హోటల్‌కి నడుస్తూ మేనకోడలికి పంపాను, ఏమీ చెప్పకుండా.

పావుగంటకి జవాబొచ్చింది: "బాగుంది మామయ్యా. కానీ మధ్యలో ఆడియో కట్ అయింది. మళ్లీ పంపు."

మళ్లీ అదే పంపాను.